నాణ్యమైన పెట్రోలు, సక్రమ నిర్వహణ: కరవు సీమలో వాహన దీర్ఘాయువుకు రెండు ఆధారాలు

(ప్రత్యేక వ్యాసం)

అనంతపురం: దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షపాతం పొందే జిల్లాగా పేర్కొనబడుతున్న అనంతపురంలో సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి రుతుపవనాలకు పశ్చిమ కనుమలు అడ్డు నిలవగా, ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరమై, ఈ పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతంగా మిగిలిపోయింది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేవరకు ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. వేరుశనగ చేతికి అందని సంవత్సరాలలో పాలు పోసే రైతుకు, కూరగాయలు అమ్మే చిరు వ్యాపారికి, పని వెతుక్కుంటూ పట్టణానికి వెళ్లే కూలీకి ద్విచక్ర వాహనమే జీవనాధారం. అప్పు తీరకముందే ఇంజను పాడైతే ఆ కుటుంబానికి కరవుతో పాటు మరమ్మతు ఖర్చు కూడా తోడవుతుంది. ఈ నేపథ్యంలో నాణ్యమైన పెట్రోలును గుర్తించే విధానం, వినియోగదారులకు చట్టం కల్పించిన హక్కులు, ఈ ప్రాంతపు ఎండకు, దుమ్ముకు, ఉప్పునీటికి తగిన వాహన నిర్వహణ గురించిన వివరాలు ఈ విధంగా ఉన్నాయి.

పెట్రోలు ప్రమాణాలలో మార్పులు:

దేశవ్యాప్తంగా సీసం లేని పెట్రోలు సరఫరా 2000 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చింది. భారత్ స్టేజ్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుండి, భారత్ స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా వర్తించాయి. స్టేజ్-3 పెట్రోలులో గంధకం మిలియనుకు 150 భాగాల వరకు అనుమతింపబడగా, స్టేజ్-4లో అది 50కి, స్టేజ్-6లో 10కి తగ్గింది. గంధకం తగ్గినందువలన పొగగొట్టంలోని ఉత్ప్రేరక పరికరం ఎక్కువ కాలం పనిచేస్తుంది. కల్తీ జరిగితే ఈ ప్రయోజనం మొత్తం కోల్పోవలసి వస్తుంది.

20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోలు విక్రయాలను 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. 2030 నాటికి సాధించవలసిన ఈ లక్ష్యం 2025లోనే నెరవేరింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. అందువలన ఇంధన వినియోగ సామర్థ్యం, అనగా మైలేజీ, కొంత తగ్గుతుంది. నీతి ఆయోగ్, పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2021లో వెలువరించిన ప్రణాళికా పత్రం ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది ఇ-10కు సర్దుబాటు చేసిన కార్లలో 6 నుండి 7 శాతం, అదే కోవకు చెందిన ద్విచక్ర వాహనాలలో 3 నుండి 4 శాతం, ఇ-10 కోసం రూపొంది ఇ-20కి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుండి 2 శాతం మైలేజీ తగ్గవచ్చు. మైలేజీ ఇంతకు మించి పడిపోయినట్లయితే, ఆ నెపం ఇథనాల్ మీదకు నెట్టక, ఎయిర్ ఫిల్టరు, టైర్లలో గాలి, బ్రేకుల పట్టు, బంకులో కొలత పరిశీలించుకోవడం అవసరం.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన వాహనాల యజమానులు ఇంధన పైపులు, రబ్బరు సీళ్లు, గ్యాస్కెట్లు ఉబ్బడం, పగలడం వంటి లోపాలను సర్వీసింగు సమయంలో పరీక్షింపజేసుకోవాలి. కొన్ని పాత వాహనాలలో 20,000 నుండి 30,000 కిలోమీటర్ల వాడకం తరువాత ఇటువంటి రబ్బరు భాగాల మార్పిడి అవసరం కావచ్చునని, వాటికయ్యే ఖర్చు స్వల్పమేనని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో వివరించింది.

ఇథనాల్‌కు నీటిని పీల్చుకొనే గుణం ఉంది. పెట్రోలులోకి నీరు పరిమితికి మించి చేరితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. ఆ నీరు ఇంజనులోకి వెళితే వాహనం స్టార్టు కాదు. ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. అనంతపురంలో గాలి సంవత్సరంలో అధిక భాగం పొడిగానే ఉన్నప్పటికీ, సెప్టెంబరు, అక్టోబరు వానలలో జాగ్రత్త తప్పదు. ట్యాంకు మూత రబ్బరు సరిగా ఉండేలా చూసుకోవాలి. వారాల తరబడి వాడని వాహనంలో అరకొర ఇంధనం ఉంచరాదు.

ఆక్టేన్ సంఖ్య ఎంత ఉండాలి?

ఇంజనులో ఇంధనం వేళకు ముందే మండకుండా నిరోధించే శక్తిని ఆక్టేన్ సంఖ్య సూచిస్తుంది. స్టేజ్-6 సాధారణ పెట్రోలుకు నిర్దేశించిన కనీస సంఖ్య 91. ఇథనాల్ కలవడంతో ఇది దాదాపు 95కు చేరింది. వాహనంతో ఇచ్చిన పుస్తకంలో తయారీదారు సూచించిన సంఖ్యకు తగిన పెట్రోలు వాడితే చాలు. అంతకంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు సాధారణ మోపెడ్‌కు గాని, 100 సి.సి. మోటారు సైకిలుకు గాని అదనపు బలాన్ని ఇవ్వదు. ఎండాకాలంలో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను నుండి టకటక శబ్దం వస్తే, అది తక్కువ ఆక్టేన్ గల కల్తీ పెట్రోలుకు గాని, ఇంజనులో పేరుకున్న మసికి గాని సూచన కావచ్చు.

కల్తీ వలన నష్టం:

పన్నుల భారం తక్కువగా ఉండే కిరోసిన్, ద్రావకాలు పెట్రోలులో కలిపి లాభం పొందడమే కల్తీ వెనుక ఉన్న ఉద్దేశం. కిరోసిన్ పూర్తిగా ఆవిరి కాదు, పూర్తిగా మండదు. స్పార్కు ప్లగ్గుపై మసి కడుతుంది. మండని భాగం సిలిండరు గోడల మీదుగా జారి ఇంజను ఆయిల్‌ను పలుచన చేస్తుంది. పిస్టన్ రింగులు అరిగి, కొద్ది నెలలలోనే ఇంజను విప్పవలసిన పరిస్థితి ఏర్పడుతుంది.

కల్తీని అడ్డుకున్న అధికారులు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నాయి. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరి జిల్లాలో ఇండియన్ ఆయిల్ సేల్స్ అధికారి షణ్ముగం మంజునాథ్ హత్యకు గురయ్యారు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ సమీపంలో అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను ఇంధన కల్తీ ముఠా సజీవ దహనం చేసింది.

2005 డిసెంబరు 19న కేంద్ర ప్రభుత్వం నిత్యావసర వస్తువుల చట్టం, 1955 క్రింద పెట్రోలు, డీజిల్ సరఫరా, పంపిణీ, అక్రమాల నివారణ ఉత్తర్వును జారీ చేసింది. దీని ప్రకారం అధీకృత గెజిటెడ్ అధికారులు, డి.ఎస్.పి. స్థాయికి తగ్గని అధీకృత పోలీసు అధికారులు, ఆయిల్ కంపెనీల సేల్స్ అధికారులు బంకులను తనిఖీ చేసి నమూనాలు సేకరించవచ్చు. సీలు వేసిన నమూనాలలో ఒక భాగాన్ని డీలరు వద్ద ఉంచి, మరొక భాగాన్ని ప్రయోగశాలకు పంపుతారు.

బంకులో వినియోగదారుని హక్కులు:

వడపోత కాగితం పరీక్ష: నాజిల్ కొనను శుభ్రంగా తుడిచి, వడపోత కాగితంపై ఒక చుక్క పెట్రోలు వేయాలి. సుమారు రెండు నిమిషాలలో అది ఆవిరి కావాలి. మరక మిగిలితే కల్తీని అనుమానించవచ్చు. లేత గులాబీ ఛాయ మాత్రమే మిగిలితే అది పెట్రోలులో కలిపిన రంగు. అందుకు ఆందోళన అవసరం లేదు. వినియోగదారు కోరితే బంకు యాజమాన్యం ఈ కాగితం ఇవ్వాలి. అయితే వేగంగా ఆవిరయ్యే ద్రావకాలతో చేసిన కల్తీ ఈ పరీక్షకు దొరకదు. దానిని ప్రయోగశాలలో మాత్రమే నిర్ధారించగలరు.

సాంద్రత పరీక్ష: జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు ప్రతి బంకులో ఉంటాయి. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద పెట్రోలు సాంద్రత ఘనపు మీటరుకు 720 నుండి 775 కిలోగ్రాముల మధ్య ఉండాలి. ట్యాంకరు దిగుమతి సమయంలో నమోదైన సాంద్రతకు, పరీక్షలో వచ్చిన సాంద్రతకు తేడా 3 కిలోగ్రాములు మించరాదు. ఎండ ప్రభావాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో డిగ్రీ వేడికి పెట్రోలు సాంద్రత సుమారు 0.8 నుండి 0.9 కిలోగ్రాముల వరకు తగ్గుతుంది. 40 డిగ్రీల మధ్యాహ్నం తీసిన కొలత 15 డిగ్రీల కొలత కంటే 20కి పైగా తక్కువ చూపుతుంది. పట్టిక సాయంతో 15 డిగ్రీలకు మార్చిన తరువాతనే రెండు అంకెలను పోల్చాలి. ఈ మార్పిడి చేయకుండా కల్తీ జరిగినట్లు ప్రకటించడం గాని, ప్రచురించడం గాని తగదు.

కొలత పరీక్ష: తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రలో పెట్రోలు పోయించి సరిచూసుకొనే హక్కు వినియోగదారునికి ఉంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడా మాత్రమే అనుమతింపబడుతుంది. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు ఛేదించిన కేసులో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని పలు బంకుల యంత్రాలలో చిప్‌లు అమర్చి, మీటరులో పూర్తి కొలత చూపుతూ తక్కువ ఇంధనం పోస్తున్నట్లు వెల్లడైంది. కావున మీటరులో సున్నా చూసుకోవడంతో సరిపెట్టుకోక, అనుమానం కలిగినపుడు కొలత పాత్ర కోరడం మేలు.

ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు పోయించుకుంటే ఎక్కువ వస్తుందనే నమ్మకం ప్రజలలో ఉంది. బంకు ట్యాంకు భూగర్భంలో ఉన్నందున అక్కడి ఉష్ణోగ్రత రోజంతా దాదాపు ఒకే విధంగా ఉంటుంది. లాభం చెప్పుకోదగినంత ఉండదు.

సీసాలలో పెట్రోలు ప్రమాదకరం:

బంకులు దూరంగా ఉన్న గ్రామాలలో కిరాణా దుకాణాల వద్ద సీసాలలో పెట్రోలు అమ్మడం కనిపిస్తుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే విక్రయం కోసం పెట్రోలు నిల్వ చేయరాదు. ఆ సీసాలో ఏమి కలిసిందో తెలుసుకొనే మార్గం లేదు, రసీదు ఉండదు, ఫిర్యాదుకు ఆధారం ఉండదు. ఎండలో ఉంచిన ప్లాస్టిక్ సీసా అగ్నిప్రమాదానికి దారి తీయవచ్చు. పెట్రోలు జి.ఎస్.టి. పరిధిలో లేనందున రాష్ట్రాల పన్నులను బట్టి ధరలు మారుతుంటాయి. కర్ణాటక సరిహద్దు దాటి వాహనంలో పెట్రోలు పోయించుకోవడం వేరు, ధర తేడా కోసం క్యాన్లలో తెచ్చి ఇంటిలో నిల్వ చేయడం వేరు. రెండవది ప్రాణాంతకం.

దుమ్ము నుండి రక్షణ:

ఈ పీఠభూమిలో ఇంజనుకు కల్తీ పెట్రోలు తరువాత ప్రధాన శత్రువు దుమ్ము. వేదవతి (హగరి) నది ఇసుక నైరుతి గాలులకు లేచి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాలపై మేటలు వేస్తుంది. బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరు ఇసుక దిబ్బలు ఇందుకు తార్కాణం. తాడిపత్రి పరిసరాలలో నాపరాయి, సిమెంటు పరిశ్రమల ధూళి అధికం. వేరుశనగ నూర్పిళ్ల కాలంలో పల్లె దారులన్నీ ఎర్రమట్టితో నిండి ఉంటాయి. ఇసుక రేణువులు ఇంజను లోపలికి చేరితే పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను ఆకురాయి వలె అరగదీస్తాయి.

తయారీదారు సూచించిన ఎయిర్ ఫిల్టరు గడువు సాధారణ రోడ్లకు ఉద్దేశించినది. మట్టి రోడ్లపై తిరిగే వాహనానికి ఆ గడువులో సగానికే ఫిల్టరును తీసి చూడాలి. కాగితపు ఫిల్టరును నీటితో గాని, పెట్రోలుతో గాని కడగరాదు. లోపలి నుండి బయటకు తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి; చిరిగితే మార్చాలి. స్పాంజి ఫిల్టరును సబ్బు నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బిగించాలి. గొలుసుకు దట్టంగా గ్రీజు పూయడం వలన దుమ్ము అంటుకొని పళ్లు త్వరగా అరుగుతాయి. గొలుసును శుభ్రపరచి పలుచని నూనె వేయడం మంచిది.

బోరు నీరు, ఎండ, టైర్లు:

జిల్లాలోని చాలా గ్రామాలలో బోరు నీటిలో లవణాలు అధికం. ఫ్లోరైడ్ సమస్య కూడా ఉన్నది. ఈ నీటిని రేడియేటరులో పోస్తే పాత్రలో వలెనే లోపల గారపడుతుంది. సన్నని గొట్టాలు పూడిపోయి ఇంజను వేడెక్కుతుంది. లవణాలు తొలగించిన నీటితో కలిపిన కూలెంటునే వాడాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు తప్ప మరేదీ పోయరాదు. ద్విచక్ర వాహనాలలో అధిక భాగం గాలితో చల్లబడేవి కావున, ఇంజను రెక్కల మధ్య పేరుకొన్న మట్టిని తొలగిస్తుండాలి.

పెట్రోలు ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది. కావున వేసవిలో ట్యాంకును మూత అంచు వరకు నింపరాదు. గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగళూరుకు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై మధ్యాహ్న వేళ ప్రయాణించేవారు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి ఒత్తిడి సరిచూసుకోవాలి. వేడెక్కిన టైరు నుండి గాలి తీసివేయడం పొరపాటు. బంకులలో గాలి ఉచితం. టైరు పళ్ల లోతు ద్విచక్ర వాహనాలకు 0.8, కార్లకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే టైరు మార్చవలసి ఉంటుంది.

ఇంజను ఆయిల్, పత్రాలు:

ఇంజను ఆయిల్ మట్టాన్ని వారానికి ఒకసారి చూడాలి. మట్టం దానంతటదే పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే, ఇంధనం ఆయిల్‌లో కలుస్తున్నట్లు భావించి వెంటనే మెకానిక్కుకు చూపాలి. క్లచ్ ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉండే మోటారు సైకిళ్లకు కారు ఆయిల్ వాడితే క్లచ్ జారిపోవచ్చు.

కొత్త వాహనానికి సంవత్సరం నిండిన తరువాత కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం తప్పనిసరి. స్టేజ్-4, స్టేజ్-6 వాహనాలకు ఇది 12 నెలలు, అంతకు ముందరి వాహనాలకు 6 నెలలు చెల్లుతుంది. వ్యక్తిగత వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు. ఆపై పరీక్షలో యోగ్యమని తేలితేనే ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. పొగ పరీక్షలో వచ్చిన అంకెలను ఏటా భద్రపరచుకొని పోల్చి చూస్తే, ఇంజను ఆరోగ్యం ఖర్చు లేకుండానే తెలుస్తుంది.

ఫిర్యాదు చేయు విధానం:

నాణ్యతపై గాని, కొలతపై గాని అనుమానం కలిగితే బంకులోని ఫిర్యాదుల పుస్తకంలో వివరాలు నమోదు చేసి, రసీదు భద్రపరచుకోవాలి. నాణ్యతకు సంబంధించి పౌర సరఫరాల శాఖ అధికారులను, సంబంధిత ఆయిల్ కంపెనీని, కొలతకు సంబంధించి తూనికలు, కొలతల శాఖను ఆశ్రయించవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. తేదీ, సమయం, యంత్రం సంఖ్య, వాహనం సంఖ్యతో కూడిన ఫిర్యాదు విచారణకు నిలుస్తుంది; రసీదు లేని ఫిర్యాదు చాలా సందర్భాలలో నిలవదు. కావున ఎంత తక్కువ మొత్తానికి పెట్రోలు పోయించుకున్నా రసీదు అడిగి తీసుకోవడం వినియోగదారులు అలవరచుకోవలసిన మొదటి జాగ్రత్త.