హద్దురాయి

మన కథల్లో గట్టు తగాదాలకు కొదవ లేదు. గట్టు నరికినవాడుంటాడు, తల పగిలినవాడుంటాడు, పెద్దమనుషుల తీర్పూ ఉంటుంది. ఆ గట్టు ఎక్కడుండాలో తేల్చే సర్వే రాయి మాత్రం తరచు కథలోకి రాదు. అది కరణంగారి విద్య అని రచయితలు వదిలేసినట్టున్నారు. భూమి గురించి రాసేవాళ్ళకు ఇది చిన్న లోపం కాదు.

ముందు కొలత సంగతి. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త 66 అడుగుల గొలుసు రూపొందించాడు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం, ఎకరంలో నూరోవంతు సెంటు. మద్రాసు సర్వేలో ఈ లెక్క స్థిరపడింది. నైజాం రాజ్యం బొంబాయి పద్ధతిని తీసుకుంది. అక్కడ 33 అడుగుల చదరం గుంట, 40 గుంటలు ఎకరం. కోస్తా రైతు సెంట్లలో, తెలంగాణ రైతు గుంటల్లో మాట్లాడటం వెనక రెండు ప్రభుత్వాలు పరచిన రెండు గొలుసులున్నాయి.

మద్రాసు పద్ధతిలో పొలం మూలల్లో రాళ్ళు పాతుతారు. రాయికీ రాయికీ మధ్య దూరం, పొలాన్ని చీల్చే ఊహారేఖ, ఆ రేఖ నుంచి గట్టు వంపులకు లంబంగా తీసిన కొలతలు - ఇవన్నీ ఎఫ్.ఎం.బి. అనే కొలతల పుస్తకంలో ఎక్కుతాయి. దీని కీలకం అక్కడే ఉంది. ఒక రాయి వరదకు కొట్టుకుపోయినా, పొరుగువాడు రాత్రికి రాత్రి పీకిపారేసినా, మిగిలిన రాళ్ళ నుంచి లింకులు లెక్కగట్టి అది ఉండిన చోటికి మళ్ళీ చేరవచ్చు. మూడు గ్రామాల పొలిమేరలు కలిసేచోట పాతిన రాయికి అంత విలువ ఇందువల్లనే.

మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం 1923లో వచ్చింది. సర్వే ముగిసిందని ప్రకటన వెలువడితే ఆ సరిహద్దు సరైనదేననడానికి అదే తిరుగులేని రుజువు. కాదనేవాడు మూడేళ్ళలోపు సివిలు కోర్టుకెక్కాలి. రాళ్ళను కాపాడుకోవలసిన భారం కూడా పట్టాదారు మీదే పెట్టారు. గెజిటు మొహం చూడని రైతుకు మూడేళ్ళు ఎంతసేపు!

అలాగని సర్వేను పాలకుల ఆయుధంగా మాత్రమే చూస్తే సగం చరిత్రే చూసినట్టు. దత్తమండలాల్లో మన్రో 1802 నుంచి పొలం పొలం కొలిపించింది శిస్తు కోసమే. అదే 1802లో శాశ్వత పరిష్కారం కిందికి వచ్చిన ఉత్తర సర్కారుల జమీందారీల్లో ఆ పాటి కొలత కూడా జరగలేదు. ఎస్టేటు మొత్తానికి పేష్కషు ముడితే కంపెనీకి చాలు. లోపల ఎవరి చెక్క ఎంతో ఎస్టేటు ఉద్యోగులు చెప్పిందే లెక్క. బంజరూ, చెరువు శిఖమూ, పశువుల మేతబీడూ నావేనని జమీందారు అంటే అడ్డుచెప్పే కాగితం ఊళ్ళో లేదు. కొలవకపోవడం కూడా ఒక రాజకీయమే. 1908 ఎస్టేటు భూముల చట్టం సర్వేకు, హక్కుల రికార్డుకు వీలు కల్పించింది. అయినా అనేక ఊళ్ళలో గొలుసు పడింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే.

అక్కడ కొలవకపోవడం రైతును ముంచితే, ఆదిలాబాదు కొండల్లో కొలతే ముంచింది. పోడు కొట్టుకుంటూ చేను మార్చుకునే గోండుకు కాగితం మీది గీతతో పనిలేదు. రిజర్వు అడవి గీత వాళ్ళ చేలను మింగింది. మిగిలిన మంచి భూముల పట్టాలు మైదానాల నుంచి వచ్చినవారి పేర ఎక్కాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక గాని నైజాం ప్రభుత్వం కదలలేదు. మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ చేత పరిస్థితిని పరిశీలింపజేసి, ఆ దశాబ్దంలోనే వేలాది గోండు కుటుంబాలకు పట్టాలిచ్చింది. రాయి అదే, గొలుసు అదే. మారింది రికార్డులో పేరు.

ఇక కౌలుదారు. పొలం ఎక్కడిదాకా అన్నదానికి సర్వే పటంలో జవాబుంది, దున్నేదెవరన్న గడి అందులో లేదు.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో గొలుసు పని డ్రోనుకు వచ్చింది. డ్రోను బొమ్మలో పడేది ఈనాటి గట్టు. పాత ఎఫ్.ఎం.బి.లో ఉన్నది తాతలనాటి గట్టు. ఆ రెండూ కలవని పొలాల్లో జరిగినవాటిని నరికినవాడు చేసిందీ, కాగితం చేసిందీ విడదీసి చూపే కథలు మనకు ఇంకా కావాలి.