పాలకుర్తి కౌలు భూమి: తెలంగాణ సాయుధ పోరాటంలో పంట హక్కు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట (1946–51) చరిత్రలో పాలకుర్తిలోని చిట్యాల (చాకలి) ఐలమ్మ భూమికి విశిష్ట స్థానం ఉంది. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఈ గ్రామంలో నాలుగెకరాల సాగు చుట్టూ జరిగిన ఘర్షణను పలువురు ఉద్యమానికి నాందిగా పేర్కొన్నారు. అయితే ఐలమ్మ ఆ భూమికి పట్టాదారు కాదు. మల్లంపల్లి భూస్వామి వద్ద కౌలుకు తీసుకొని సాగు చేసిన రైతు. ఈ అంశాన్ని గుర్తించినప్పుడే పాలకుర్తి పోరాట స్వభావం స్పష్టమవుతుంది.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అధీనంలో 40 వేల ఎకరాలు ఉన్నట్లు పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు. అంతటి భూస్వామికి నాలుగెకరాల పంట ఆర్థికావసరం కాదు. గడీకి వెట్టి చేయవలసినదిగా భావించిన రజక కులానికి చెందిన స్త్రీ స్వతంత్రంగా వ్యవసాయం చేయడమే కాక, సంఘంలో చేరడం దొరతనానికి ధిక్కారంగా తోచింది. 1944 భువనగిరి మహాసభ తరువాత ఆంధ్రమహాసభ పల్లెల్లో ‘సంఘం’గా వేళ్లూనుకుంటున్న కాలమది. పంట కోతకు రాగానే దేశ్‌ముఖ్ తన మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వారిని తరిమి, కోత కోసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. అరెస్టులు, చిత్రహింసలు జరిగినా ఆ ధాన్యం గడీకి చేరలేదు. అనంతరం 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో పోరాటం కొత్త దశకు చేరింది.

పాలకుర్తిలో వివాదం పట్టా కాగితం మీద కాక పంట మీద నడిచింది. దున్నినవారికే ఫలం దక్కాలన్న సూత్రం ఇక్కడ నినాదం కాకముందే ఆచరణగా రూపొందింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత దళాలు గోదావరి పరీవాహక అడవులకు తరలినప్పుడు ఇదే సూత్రం మరో రూపం దాల్చింది. కారేపల్లి దాటి ఇల్లెందు, పాల్వంచల వైపు విస్తరించిన అటవీ ప్రాంతంలో కోయల పోడు సాగు, అటవీ సిబ్బంది మామూళ్లు ప్రధాన సమస్యలయ్యాయి. మైదానంలో కౌలుదారుకూ, అడవిలో పోడు రైతుకూ ఉన్న ఆధారం ఒక్కటే: సాగు.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. అంతకు ముందే, 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు 2006 అటవీ హక్కుల చట్టం హక్కు కల్పించింది. ఈ రెండు చట్టాలూ కాగితం కన్నా సాగుకు విలువనిచ్చినవే. కానీ 2018లో తెలంగాణలో ప్రారంభమైన రైతుబంధు పథకం పట్టాదారునే లబ్ధిదారుగా నిర్ణయించి కౌలు రైతును వెలుపల ఉంచింది. ఆ ప్రమాణంతో చూస్తే ఐలమ్మ సైతం రైతుగా లెక్కకు రాదు.

2024లో హైదరాబాదులోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. ఆమెను వీరనారిగా స్మరించడం సముచితమే. అయితే కౌలుదారుగా ఆమె స్థానాన్ని విస్మరిస్తే పాలకుర్తి ఒక వ్యక్తి సాహసగాథగా మాత్రమే మిగులుతుంది. అక్కడ రక్షణ పొందింది పట్టా కాదు, కష్టఫలం. ఈ భేదాన్ని నిలుపుకోవడం పోరాట చరిత్ర అధ్యయనానికి అత్యవసరం.