గాయకనటుడు కేశవరావు భోసలే

1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైన సంగతి మన పాఠకు లెరుగుదురు. తిలక్ మహాశయుని పేర స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెననియు, కోటిమందిని కాంగ్రెసు సభ్యులుగా చేర్చవలెననియు, ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెననియు అచ్చటనే తీర్మానించిరి. గడువు జూన్ 30. ఆ నిధికై మన యాడువారు ఒంటిమీది నగలు తీసి యిచ్చిన కథలు విననివారు లేరు. కాని యా బెజవాడ తీర్మానము బొంబాయిలోని యొక నాటకశాలలో నెట్టి వింతకు కారణమయ్యెనో మనలో పెక్కుమందికి తెలియదు. ఆ వింతలో పాల్గొన్న యిద్దరు నటులలో నొకరు బాలగంధర్వ. ఆయన పేరు దేశమంతట వ్యాపించినది. రెండవవాడు కేశవరావు భోసలే. ఈ వ్యాసము రెండవవానిని గూర్చినది.

ముందుగా మరాఠీ సంగీత నాటకమును గూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది. 1880 అక్టోబరు 31వ తేదీన పూనాలో అణ్ణాసాహెబు కిర్లోస్కరు తన శాకుంతలమును ప్రదర్శించెను. అంతకుపూర్వము సూత్రధారుడు ప్రక్కన నిలిచి పాడుచుండగా పాత్రధారులు అభినయించుచుండిరి. కిర్లోస్కరు పాటను పాత్రధారి నోటనే పెట్టెను. నాటినుండి గాత్రము లేనివానికి నాయకపాత్ర దక్కుట దుర్లభమయ్యెను. ఆడువారు రంగమెక్కని కాలమగుటచే మంచి గొంతుగల బాలురను వెదకి తెచ్చి స్త్రీ పాత్రలకు తర్ఫీదు చేయుచుండిరి. స్థానము నరసింహారావుగారి రోషనారను, చిత్రాంగిని తలచుకొనువారికి ఇందు వింత యేమియు తోచదు.

కేశవరావు 1890 ఆగస్టు 9వ తేదీన కొల్హాపురమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించుటచే ఇల్లు గడచుట కష్టమై, అక్షరాభ్యాసము చేయవలసిన వయస్సులో స్వదేశ హితచింతక నాటక మండలిలో చేరెను. బడిచదువు అబ్బలేదు. వినికిడిచేతనే పాటలు, సంభాషణలు కంఠస్థము చేసెను. ఆయనకు పేరు తెచ్చిన పాత్ర గోవింద బల్లాళ దేవల్ రచించిన ‘శారద’లోని శారద. 1899లో వెలువడిన ఆ నాటకమున ధనాశాపరుడగు తండ్రి తన పసికూతును ముసలి శ్రీమంతునకు కట్టబెట్టజూచును. మన గురజాడవారి ‘కన్యాశుల్కము’ అచ్చుపడినది 1897లో. ఒకే దురాచారముపై రెండు భాషలలో రెండేండ్ల యెడముగా వెలసిన నాటకములివి. మనవారు నవ్వించి చురుక్కుమనిపించిరి. వారు పాడి కంటతడి పెట్టించిరి. నాకు గురజాడవారి మార్గమే యెక్కువ యిష్టము. కాని అమ్ముడుపోనున్న బాలిక దుఃఖమును, పొట్టకూటికై సమాజములో చేరిన బాలుడొకడు ఎలుగెత్తి పాడుచుండగా సభ యెట్లుండెనో ఊహింపవచ్చును.

1908 జనవరి 1వ తేదీన హుబ్లీలో కేశవరావు ‘లలితకలాదర్శ’ అను సొంత నాటక సమాజమును స్థాపించెను. అప్పటికాయనకు పదునెనిమిదేండ్లయినను నిండలేదు. నాటక సమాజమనగా నటులు మాత్రమే కాదు. తెరలు వ్రాయువారు, తబలా, హార్మోనియము వాయించువారు, వంటవారు, బండ్లలోను రైళ్లలోను తరలించు సామగ్రి కలిసి యొక ఊరంత సంసారము. యజమాని గొంతు ఒకనాడు పట్టుకొన్నచో అందరి కడుపులు మాడవలసినదే. ఇంత భారము మోయుచునే ఆయన రామకృష్ణబువా వఝేగారి వద్ద సంగీతము నేర్చెను. 1913లో ‘రాక్షసీ మహత్త్వాకాంక్ష’లో మృణాళినిగా వేషము కట్టెను. మామా వరేర్కరు వ్రాసిన వరకట్న నాటకము ‘హాచ్ ములాచా బాప్’ను ప్రదర్శించినదియు ఈ సమాజమే. పురాణకథలకు అలవాటుపడిన ప్రేక్షకులచేత టిక్కెట్టు కొనిపించి వారి యింటి తప్పును వారికే చూపుటకు యజమానికి గుండెదిటవు కావలెను.

ఆ 1913లోనే బాలగంధర్వ కిర్లోస్కర్ మండలిని వీడి గంధర్వ నాటక మండలిని నెలకొల్పెను. అది మొదలు మహారాష్ట్ర ప్రేక్షకులు రెండు పక్షములైరి. బాలగంధర్వది మెత్తని లాలిత్యము. కేశవరావుది పైస్థాయిలో బాకువలె దూసుకొనిపోవు గొంతు. తానములు జడివానవలె కురియుచుండెడివి. అభిమానుల వాదములు మన కోడిపందెముల బరిలోని కేకలకు తీసిపోయెడివి కావు.

అట్టి ప్రతిపక్షు లిద్దరును 1921 జూలై 8వ తేదీ రాత్రి బొంబాయిలో ఒకే రంగముపై నిలిచిరి. బెజవాడలో విధించిన గడువు దాటి వారమైనను, ఆదాయము తిలక్ స్వరాజ్యనిధికే. నాటకము ‘మానాపమానము’. రచయిత కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కరు తిలక్ అనుచరుడే. శ్రీమంతుని కూతురు భామిని, వీరుడైనను పేదవాడగు సేనాని ధైర్యధరుని తృణీకరించి, పిమ్మట మారువేషమున అతని యోగ్యత గ్రహించి వరించుట కథ. భామిని బాలగంధర్వ, ధైర్యధరుడు కేశవరావు. ఒకరి పాటకు ఒకరు తలవంచని యిద్దరు, ఒకరి మాటకు ఒకరు మాటనందించుచు తెల్లవార్లు నటించిరి. గెలిచినదెవరని అభిమానులు చాలకాలము వాదించుకొనిరి. ఆ వాదము నాకు పనికిమాలినదిగా తోచును. పోటీయే బ్రతుకుతెరువైనవారు ఒక్క రాత్రి పోటీని దేశమునకు దానమిచ్చిరి. రైతు విత్తనపు గింజలను దానమిచ్చుట వంటిదది.

ఆ రాత్రి గడచిన ఎనుబదియెనిమిది దినములకు, 1921 అక్టోబరు 4వ తేదీన, కేశవరావు విషజ్వరముచే మరణించెను. వయస్సు ముప్పదియొక్క సంవత్సరములు. సమాజమును బాపూరావు పెంఢార్కరు, పిమ్మట ఆయన కుమారుడు భాలచంద్ర నడిపిరి. బాలగంధర్వ 1967 జూలై 15 వరకు జీవించి, 1964లో పద్మభూషణ బిరుదమందెను.

కొల్హాపురమున శాహూ మహారాజు 1915లో పూర్తి చేయించిన ప్యాలెస్ థియేటరుకు తరువాతి కాలమున కేశవరావు పేరు పెట్టిరి. 2024 ఆగస్టు 8వ తేదీ రాత్రి ఆ నాటకశాల అగ్నికి ఆహుతియైనది. తెల్లవారినచో ఆయన 134వ జయంతి. దండ వేయవలసిన దినమున నటులు, గాయకులు ఆ బూడిద యెదుట నిలిచి కన్నీరు పెట్టుకొనిరి. దానిని మరల నిర్మించుటకు ప్రభుత్వము పూనుకొన్నది.