పుస్తకానికి ఏ అర?

వర్గీకరణ అనగానే మనకు ఎస్సీ వర్గీకరణే గుర్తొస్తుంది. ఈ భాగంలో పుస్తకాల వర్గీకరణ గురించి మాట్లాడుకుందాం. మిత్రులారా, రెండింటిలోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎవరిని ఎక్కడ పెట్టాలో, ఏ పేరుతో పిలవాలో నిర్ణయించేది ఎవరు?

ఒక పుస్తకం తీసుకుందాం. పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లిష్‌లో రాసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్'. 1955లో సికింద్రాబాద్‌లో అచ్చయింది. 1906 నుంచి 1953 దాకా హైదరాబాద్ రాజ్యంలో సాగిన దళిత ఉద్యమ చరిత్ర ఇది. ఆ ఉద్యమంలో నడిచిన మనిషే రాశాడు. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు వంటి వాళ్ల పనీ ఉంది, నాయకుల మధ్య తగాదాలూ ఉన్నాయి.

దీన్ని లైబ్రరీలో ఏ అరలో పెట్టాలి?

మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించేది డ్యూయీ దశాంశ పద్ధతి. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ తెచ్చాడు. విజ్ఞానం మొత్తాన్ని 10 తరగతులు చేశాడు. మతానికి 200 ఇచ్చాడు. అందులో 220 నుంచి 280 దాకా బైబిల్‌కీ క్రైస్తవానికీ పోయాయి. బౌద్ధం, ఇస్లాం, హిందూ మతం అన్నీ 290లోనే సర్దుకోవాలి. లెక్కలా కనిపించే అంకెల వెనక కూడా ఒక మనిషి, అతని లోకం ఉంటాయి.

ఇదే పద్ధతిలో భారతదేశ చరిత్ర 954. దళితులు 305.5688, అంటే సామాజిక శాస్త్రాల్లో జన సమూహాల కింద. వెంకటస్వామి పుస్తకానికి రెండూ నప్పుతాయి. కానీ ఒక ప్రతికి ఒకే చోటు. 305 వేశామా, నిజాం కాలం గురించి చదవాలని చరిత్ర అర దగ్గరికి వెళ్లిన విద్యార్థికి అది కనపడదు. వాళ్ల పోరాటం చరిత్ర, మన పోరాటం సామాజిక సమస్య! పుస్తకాన్ని ఎవరూ నిషేధించలేదు. చోటు మారింది, అంతే.

ఇక పేరు సంగతి. 'పంచమ' అంటే ఏమిటి? నాలుగు అరలు కట్టుకుని, బయట నిలబెట్టినవాళ్లకు ఇచ్చిన ఐదో నంబరు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ మాటను తోసిపుచ్చారు. ఆ సభ 'ఆది ఆంధ్ర' సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యం 'ఆది హిందు' అని రాసుకుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన కేటలాగ్‌లో 'అన్‌టచబుల్స్' అనే శీర్షిక తీసేసి 'దళిత్స్' అని పెట్టడం ఎంతో తర్వాతి మాట. మనవాళ్లు ఆ దిద్దుబాటు ముందే మొదలుపెట్టారు.

విద్యార్థులకు ఒక పని. అరలో చోటు ఒకటే అయినా, కేటలాగ్‌లో ఒక పుస్తకానికి ఎన్ని శీర్షికలైనా ఇవ్వొచ్చు. మీ లైబ్రరీలో దళిత ఉద్యమ పుస్తకాలు ఏ నంబరు కింద ఉన్నాయో చూడండి. 'హైదరాబాద్ చరిత్ర' అని వెతికితే వస్తున్నాయా? రాకపోతే ఆ శీర్షిక కూడా చేర్చమని లైబ్రేరియన్‌కు రాసివ్వండి.

దొరకని పుస్తకం, రాయని పుస్తకంతో సమానం.

జై భీమ్.