ఫింజాన్ కింద పెట్టిన రోజు

మొన్నటి ఎపిసోడ్‌లో గహ్వా ముచ్చట సగంలో ఆగింది. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

2006లో అల్ ఐన్‌లో ఒక ముసలాయన ఇంటికి మజ్లిస్ గది కడుతున్నాం. నేనప్పుడు స్టీల్ ఫిక్సర్‌ని. ఒక సాయంత్రం ఆయనే దల్లా పట్టుకొచ్చి, ఫింజాన్‌లో కాఫీ పోసి ఇచ్చాడు. మన అలవాటు తెలుసు కదా, పెద్దోళ్లు ఏదిచ్చినా ముందు మొహమాటపడాలి, బలవంతం చేస్తేనే తీసుకోవాలి. కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టి తల వంచుకున్నా. ఆయన నవ్వు ఆగింది. "ఏం కావాలి నీకు?" అని రెండుసార్లు అడిగాడు. "మాఫీ, మాఫీ" అన్నా, ఏం లేదని. ఆయన కాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఈ కాఫీ పాతది. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జపాల్లో నిద్ర రాకుండా తాగేవారు. 1511లో మక్కా అధికారి నిషేధించాడు, ఆ నిషేధం నిలవలేదు. బాబా బుడన్ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. అంటే మన ఫిల్టర్ కాఫీ కూడా వీళ్ల చుట్టమే!

ఎడారిలో బదూలకు ఠాణాలు, కోర్టులు లేవు. చాలా సంగతులు కాఫీ దగ్గరే తేలేవి. మొదటి కప్పు అతిథిది, రెండోది ఆనందానికి, మూడోది కత్తిది. ఆ మూడోది తాగినవాడు ఆపదలో ఆ ఇంటివాళ్ల పక్కన నిలబడాలి. ఇక పెళ్లి సంబంధమో, రాజీయో అడగడానికి వచ్చినవాడు కప్పు ముట్టకుండా ముందు పెట్టేవాడు. "తాగు, నీ పని అయినట్టే" అని ఇంటాయన అంటేనే తాగేవాడు. అతను తాగకుండా లేచిపోతే ఇంటాయన పరువు పోయినట్టే.

2015లో ఎమిరేట్స్, సౌదీ, ఒమన్, ఖతర్ కలిసి ఈ కాఫీ మర్యాదను యునెస్కో జాబితాలో చేర్పించాయి. మన జేబులోని ఒక దిర్హామ్ బిళ్ల మీద ఉన్నది కూడా ఆ దల్లానే. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట: కుడిచేత్తోనే తీసుకోండి, చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపండి, లేదంటే పోస్తూనే ఉంటారు. అడుగున కొంచెమే పోశారని చిన్నబుచ్చుకోకండి, నిండా పోస్తేనే ఇక వెళ్లమని అర్థం.

ఇదంతా నాకు ఆరేళ్ల తర్వాత ఒక సూడాన్ ఫోర్‌మన్ చెప్పాడు. విన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సాయంత్రానికి మా ముఠాకు మూడు నెలల జీతం రాలేదు. కాంట్రాక్టర్‌కి డబ్బు కట్టేది ఆ ముసలాయనే. ఏం కావాలని రెండుసార్లు అడిగాడు. నేనేమో మాఫీ అన్నా.