గాజు సీసా పోయి ప్లాస్టిక్ సీసా వచ్చాక

ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాకకు వచ్చే దారికి ఒకవైపు నాచారం పారిశ్రామికవాడ, మరోవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ దారి చివర, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న కేంద్రమే దానికి మూలం. పోషకలోపాన్ని ఎదుర్కోవడానికి పుట్టిన ఆ సంస్థ నేడు ఊబకాయం గురించి కూడా హెచ్చరించవలసి వస్తున్నది.

ఈ మార్పులో శీతల పానీయాలకు ఎంత పాత్ర ఉందో చూద్దాం. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్ళింది. ఆ ఖాళీలో ప్రభుత్వరంగ పానీయం డబుల్ సెవెన్, పార్లే వారి థమ్సప్ వచ్చాయి. డబుల్ సెవెన్‌ను నేడు తలచేవారు అరుదు. నా దృష్టిలో అసలు సంగతి పేర్లలో లేదు, సీసాలో ఉంది. ఆనాటి గాజు సీసాను దుకాణదారుకు తిరిగి ఇవ్వాలి. కనుక అక్కడే నిలబడి తాగేవారు. పావు లీటరు అటూ ఇటూగా ఉండే ఆ సీసాతో పని ముగిసేది. 1990లో పెప్సీ వచ్చింది, 1993లో కోకాకోలా తిరిగి వచ్చి థమ్సప్‌ను కొన్నది. ఆపైన మూత బిగించి సంచిలో వేసుకొనే ప్లాస్టిక్ సీసా వ్యాపించింది. అది తరగతి గదికీ, హాస్టల్ మంచం దగ్గరికీ వెళ్ళింది.

లెక్క చూడండి. సాధారణ కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములు. 600 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన మేలైన పరిమితి రోజుకు సుమారు 25 గ్రాములు. (చెరుకురసం, చక్కెర కలిపిన నిమ్మసోడా కూడా ఈ లెక్కలోకే వస్తాయి, సహజమైనవని వాటికి మినహాయింపు లేదు.)

ద్రవరూపంలోని చక్కెరకు మరో గుణం ఉంది: అది ఆకలిని తగినంతగా తగ్గించదు. 2000లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో 15 మందికి రోజూ 450 కెలోరీలను నాలుగు వారాలు మిఠాయి బిళ్ళలుగా, మరో నాలుగు వారాలు సోడాగా ఇచ్చారు. బిళ్ళలు తిన్నప్పుడు వారు మిగతా తిండి తగ్గించుకున్నారు. సోడా తాగినప్పుడు తగ్గించుకోలేదు, బరువు పెరిగారు. పదిహేను మంది తక్కువే. అయినా విషయం అర్థమవుతుంది.

మన శరీరాలకు బరువు ప్రమాణం కూడా కఠినమైనది. భారతీయులకు బి.ఎం.ఐ. 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తున్న విద్యార్థి 63 కిలోలకు చేరితే మొదటి గీత దాటినట్టే. తల్లికో తండ్రికో మధుమేహం ఉన్నవారు ఆ దశలోనే పరగడుపున చక్కెర పరీక్ష చేయించుకోవాలి. ఇరవై ఏళ్ళ వయసే కదా అని వాయిదా వేయవద్దు.