కొమ్ము, సొరబుర్ర, గాజుగిన్నె



2016వ సంవత్సరమున రియో నగరమందు జరిగిన ఒలింపిక్ క్రీడలలో మైకేల్ ఫెల్ప్స్ అను అమెరికా ఈతగాని భుజములమీదను వీపుమీదను నేరేడుపండు రంగుగల గుండ్రని మచ్చలు లోకమంతటికిని కనబడినవి. అవి దెబ్బలును కావు, జబ్బును కాదు. కండరముల నొప్పియు బడలికయు తీఱుటకై గిన్నెలు బోర్లించి చర్మమును పైకి లాగించుకొనగా నేర్పడిన గుఱుతులు. ఇది చీనాదేశపు ప్రాచీనచికిత్స యని పలువురు చెప్పుకొనిరి. ఆ మాట తప్పు కాదు గాని, చాలదు. ఈ సాధనము చీనావారి సొత్తు మాత్రమే కాదు. మన సొత్తు మాత్రమే యనుటకును వీలులేదు.

దీని కిటుకు మిక్కిలి సులభము. బడిపిల్లవాడు చిన్నగిన్నెను నోటికి బోర్లించుకొని గాలి పీల్చినచో గిన్నె పెదవులచుట్టును అంటుకొని నిలుచును. ఊడదీసిన పిమ్మట గుండ్రని వాపు మిగులును. చికిత్సయందు జరుగునదియు నింతే. నోటితో పీల్చుటకు మాఱుగా పాత్రలో మంట చూపి, వెంటనే దేహముపై బోర్లింతురు. వేడికి వ్యాకోచించిన గాలి కొంత వెలికి పోవును. మిగిలినది చల్లబడగానే లోపలి యొత్తిడి తగ్గి, చర్మమును దానిక్రింది కండయు పాత్రలోనికి ఉబ్బి వచ్చును. సన్నని రక్తనాళములు చిట్లుటచే మచ్చ కలుగును. చర్మమును గీయక చేసినది పొడిచికిత్స; గాట్లు పెట్టి నెత్తురు తీసినది తడిచికిత్స. ఈ భేదమును శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. ఈ కథలోని మంచిచెడ్డలు చాలవఱకు ఆ గాట్లమీదనే ఆధారపడియున్నవి.

సుశ్రుతసంహితయందు సూత్రస్థానమున పదుమూడవ యధ్యాయము చూడుడు. నెత్తురు తీయుటకు శృంగము, జలౌక, అలాబువు అను మూడు సాధనములు అచట చెప్పబడినవి; అనగా ఆవుకొమ్ము, జలగ, సొరబుర్ర. వాతముచే చెడిన రక్తమునకు కొమ్ము, పిత్తముచే చెడినదానికి జలగ, కఫముచే చెడినదానికి సొరబుర్ర యని విధి. విధికి కారణము గూడ కలదు. కొమ్ము ఉష్ణము, మధురము, స్నిగ్ధము గనుక వాతమునకు విరుద్ధము. జలగ నీట పుట్టిన చల్లని ప్రాణి గనుక పిత్తమునకు విరుద్ధము. సొర కటువు, రూక్షము, తీక్ష్ణము గనుక కఫమును హరించును. గాట్లు పెట్టినచోట కొమ్మునుంచి, పలుచని పొర కట్టి, నోటితో పీల్చవలెను. సొరబుర్రలో నైతే దీప ముండవలెను. రాజులకు, ధనవంతులకు, బాలురకు, వృద్ధులకు, పిఱికివారికి, దుర్బలులకు, స్త్రీలకు, సుకుమారులకు జలగయే మృదువైన యుపాయమట. రాజును పిఱికివానిని ఒక్క వాక్యమున కూర్చుండబెట్టిన యాచార్యుని ధైర్యము మెచ్చదగినది.

వాగ్భటుడు అష్టాంగహృదయమున కొలతలు గూడ నిచ్చినాడు. కొమ్ము 18 అంగుళముల పొడవు, దాని ముఖము 3 అంగుళములు. కొన చనుమొనవలె నుండి, అందలి రంధ్రము తెల్లఆవగింజ పట్టునంత యుండవలెను. సొరబుర్ర 12 అంగుళముల పొడవు, 18 అంగుళముల చుట్టుకొలత. ఇచట అంగుళమనగా వ్రేలి వెడల్పే గాని ఇంగ్లీషువారి యించి కాదు. వీనికి తోడు ఘటి, అనగా మన ముంతవంటిది, గుల్మరోగమున నుపయోగింపబడుచుండెను. ఇట్టి కొలతలు ఊహించి వ్రాయువాడు వ్రాయడు. పనిముట్టును చేతబట్టినవాడే వ్రాయును.

ఇక పడమటికి పోదము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరమున సెల్సస్ అను గ్రంథకర్త రెండు విధములైన పాత్రలను వర్ణించెను. ఒకటి కంచుది, అందు మండుచున్న నారపీచు వేసి బోర్లింతురు. రెండవది కొమ్ము, దానిని నోటితో పీల్చి కొనరంధ్రమును మైనముతో మూయుదురు. లాటినుభాషలో ఈ పాత్రకు కుకుర్బిత యని పేరు. ఆ మాటకు మొదటి యర్థము సొర! గ్రీకువారు దీనిని సికుఅ యనిరి. దానికిని సొర యనియే యర్థము. సంస్కృతమున అలాబువు, లాటినున కుకుర్బిత, గ్రీకున సికుఅ. మూడుభాషలును ఒక్క పాదునే చూపుచున్నవి.

ఇంతమాత్రమున వారు మననుండి అపహరించిరని సభలలో చప్పట్లు కొట్టించుట నాకు సమ్మతము కాదు. సొరపాదు వారి యింటిముందరను ప్రాకినది. ఆవునకు వారి దేశమునను కొమ్ములున్నవి. చీనాదేశమున మావాంగ్‌దుయియందు క్రీ.పూ. 168లో మూయబడి 1973లో త్రవ్వబడిన సమాధిలో దొరకిన వైద్యగ్రంథమునందును మూలవ్యాధిచికిత్సకు చిన్నకొమ్ము చెప్పబడినది. కార్డోవా నగరపు జహ్రావీ పండితుడు కొమ్ముతోను, కొయ్యతోను, రాగితోను, గాజుతోను పాత్రలు చేయవచ్చునని వ్రాసెను. అరబ్బులు దీనిని హిజామా యందురు. యునానీ వైద్యముతోపాటు ఈ పద్ధతి మన దక్కనునకు వచ్చినది. హైదరాబాదున నేటికిని హకీములు హిజామా చేయుచున్నారు.

నేను చెప్పదలచినది ఇచట మొదలగుచున్నది. పాత్ర ఒక్కటే, దాని ఫలమునకు చెప్పిన కారణములు మాత్రము దేశమునకొక విధముగా నున్నవి. మనవారు త్రిదోషములనిరి, గ్రీకులును అరబ్బులును నాలుగు ధాతురసములనిరి, చీనావారు ప్రాణవాయువు అడ్డగింపబడుట యనిరి. పాత్ర ఏల యంటుకొనుననుట కైనను, 1640 ప్రాంతమున టోరిచెల్లి గాలికి బరువున్నదని చూపినతరువాతనే సరియైన సమాధానము దొరకెను. అందాక నిప్పే ఆకర్షించుచున్నదని పలువురి నమ్మకము. కారణము తప్పైనను గిన్నె అంటుకొనుట మానలేదు. గిన్నె అంటుకొన్నది గదా యని ఆ కారణమును నిజము కాలేదు. మన పండితులలో కొందఱికి ఈ రెండవసగము రుచింపదు.

పందొమ్మిదవ శతాబ్దారంభమున లండనులో ఈ పనికే ప్రత్యేకవృత్తివారుండిరి. రాజకుటుంబమునకు సేవచేసిన థామస్ మేపుల్‌సన్ 1813లో దీనిపై గ్రంథము వ్రాసెను. వారిచేత ఇత్తడిపెట్టె యొకటి యుండెడిది. మీట నొక్కగానే స్ప్రింగుచే పెక్కుకత్తులు ఒక్కసారిగా వెలికివచ్చి చర్మమును గీయును. యంత్రము వచ్చినకొలది రోగులనెత్తురు ఎక్కువగా పోయెను. అపుడు పారిసులో లూయీ అను వైద్యుడు వాదములు మాని రోగులను లెక్కపెట్టెను. నెత్తురు ఎపుడు తీసిరి, ఎందఱు బ్రతికిరి, ఎందఱు చనిపోయిరి? 1835లో ఆయన ప్రకటించిన గ్రంథముచే న్యుమోనియా మొదలగు వ్యాధులలో రక్తమోక్షణమువలన అందఱు నమ్మినంత మేలు లేదని తేలినది. వేయేండ్ల ప్రతిష్ఠ ఒక లెక్కలపట్టికముందు నిలువలేకపోయెను. అయినను ఆచారము వెంటనే చావలేదు. 1929లో పారిసునందలి బీదలయాసుపత్రిలో చేరిన ఆర్వెల్ అను ఆంగ్లరచయిత, ఎదుటిరోగిమీదనుండి తీసిన గాజుగిన్నెలను కడుగనైన కడుగక తనవీపునకు పెట్టిరని 1946లో ప్రకటించిన వ్యాసమున వ్రాసెను.

ఈ సందర్భమున సుశ్రుతుని పదునాలుగవ యధ్యాయము జ్ఞప్తికి వచ్చుచున్నది. సర్వాంగమున వాపుగలవారికి, పాండురోగము, అర్శస్సు, ఉదరము, శోషము గలవారికిని, గర్భిణులకును వచ్చిన వాపులలో నెత్తురు తీయరాదని నిషేధము. శాస్త్రపుపేరు చెప్పి బ్లేడు పట్టువారు ఈ నిషేధమును చదివియుండరు. నేటివైద్యులు రక్తము పలుచబడు మందులు తినువారిని, రక్తము గడ్డకట్టనివారిని, పుండ్లుగల చర్మమును ఆ పట్టికలో చేర్చుచున్నారు. కడుగని కత్తివలన కామెర్లను కలిగించు సూక్ష్మజీవి ఒకరినుండి యొకరికి పోగలదు. మంటతో చేయునపుడు చర్మము కాలుటయు కలదు.

నొప్పి తగ్గునా యని అడుగుదురు. మెడనొప్పి, నడుమునొప్పులయందు కొలదికాలము ఉపశమనము కలుగునని కొన్ని పరీక్షలలో కనబడినది. ఆ సాక్ష్యము బలహీనమని వానిని కూర్చి పరిశీలించినవారే చెప్పుచున్నారు. క్రీడాకారుల కండరములు త్వరగా కోలుకొనుననుటకు ఇంకను గట్టి యాధారము లేదు. మాత్రకు మాఱుగా పిండిమాత్ర నిచ్చి రోగిని ఏమఱించవచ్చును. గిన్నెకు మాఱుగా నేమి పెట్టుదురు? పరిశోధకులు అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను పెట్టి చూచుచున్నారు. అంచు చర్మమునకు తగులును గాని, గాలి లోనికి చొచ్చి లాగుడు నిలువదు. కాని మఱునాడు రోగి అద్దమున వీపు చూచుకొన్నచో మచ్చ యుండదు.